పల్లవి పాడిన ఆమె ఈమేనా

రెవిన్యూ శాఖలో ముప్ఫై ఏళ్ళు దాటి పని చేసినవాడికి మనిషిని నమ్మే అలవాటు పోతుంది. పాలామె పాలు పోస్తుంటే నేను గిన్నెలోకి చూడను, ఆమె కళ్ళలోకి చూస్తాను. మా ఇంట్లో ఆవిడ దీనికి తిట్టి తిట్టి అలిసిపోయి ఇప్పుడు ఊరుకుంది. మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా, మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి తాతా అంటారు. పోరంబోకు ఆక్రమణో దొంగ పట్టానో చెబుతానని మీ ఆశ. అవన్నీ మీరూ చూస్తారు లెండి, తొందరెందుకు. నేను చెప్పేది ఒక గాయని కేసు. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది, నేరం ఒకటుంది. రెండూ ఒకటి కావు. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను.

అప్పుడు రాష్ట్రం కొత్త. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. నేను గిద్దలూరు పక్క పల్లెవాణ్ణి, మార్కాపురం తాలూకా ఆఫీసులో రెవిన్యూ ఇనస్పెక్టరుని. బీద కళాకారులకు నెలనెలా భృతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇంకేం, మా తాలూకాలో అంతమంది కళాకారులున్నారని నాకు ఆ వారంలోనే తెలిసింది. ఎవరి పెళ్ళిలోనో ఒకసారి డోలు మోసినవాడు కూడా అర్జీ పెట్టాడు.

ఆ కట్టలో ఒక అర్జీ యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న పల్లె నుంచి వచ్చింది. సభలో పక్కవాద్యాలతో కూర్చుని రాగం, తానం, పల్లవి పాడిన మొదటి ఆడమనిషిని నేను, ఇప్పుడు ఆధారం లేనిదాన్ని అని ఉంది. కింద సంతకం ఓనమాలు దిద్దే పిల్ల పెట్టినట్టు వంకర టింకరగా ఉంది. నాకు సంగీతం గురించి ఏమీ తెలియదు. మా హెడ్ గుమస్తాకు తెలుసు, ఆయన ప్రతి శనివారం భజనలో కూర్చునే మనిషి. పాతరోజుల్లో ఆడవాళ్ళు పదాలూ జావళీలూ పాడితే సరే కానీ, పల్లవి మగవాళ్ళ సొత్తు అనేవారట. తాళంతో గారడీ చేసే ఘట్టం అది, ఆడవాళ్ళ బుర్రకు అందదని వాదన. కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ పెద్ద సభలో కూర్చుని దాన్ని పాడి చూపించిందని ఆయన చిన్నప్పుడు విన్నాడు. "ఆమె ఎప్పుడో పోయిందనుకుంటినే," అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు నాకు. దానికి తోడు వారం తిరక్కుండా ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆ పల్లెలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉండేవాళ్ళనీ, ఒకామె పాడేది, ఒకామె వెనక కూర్చుని తంబురా మీటేది అనీ, పాడే ఆమె నాలుగేళ్ళ కింద జ్వరంతో చచ్చిపోయిందనీ, ఇప్పుడు అర్జీ పెట్టింది తంబురా ఆమె అనీ రాశారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. నా అనుమానం ముగ్గురి మీద ఉండేది. వాళ్ళలో ఇద్దరు పోయారు, మూడో ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు.

బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిచి ఆ పల్లెకు పోయాను. గొర్రెలు మేపుకునే ఒక కుటుంబం తమ ఇంటి పక్క చుట్టిల్లు ఆవిడకు ఇచ్చింది. మనిషి అరవై దాటి ఉంటుంది. నల్లగా, నిటారుగా ఉంది. పైట కొంగు కుడి భుజం మీదుగా నిండా కప్పుకుంది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది, ఎడమ చేత్తో. మా వైపు ఎడమ చేత్తో నీళ్ళిస్తే అది నీళ్ళివ్వడం కాదు, పొమ్మనడం. నాలుక పిడచకట్టుకుపోతున్నా నేను తాగలేదు, చెంబు పక్కన పెట్టేశాను. ఆవిడ అది గమనించింది.

రుజువులేమున్నాయని అడిగాను. గ్రామఫోను ప్లేటు ఇవ్వలేదా అంటే, కంపెనీవాళ్ళు జావళీలే పాడమన్నారు, నేను పల్లవి పాడతానన్నాను, వాళ్ళు పోయారు అంది. ఫోటో లేదా అంటే ఒకటి ఉండేది, చెదలు తిన్నాయంది. మా శాఖలో ఎవరి దస్తావేజైనా చెదలు తిన్నాయంటే మేము మీసాల చాటున నవ్వుకుంటాం. తంబురా ఆమె సంగతి ఎత్తాను. ఆమె ఈ వైపు మనిషే, కచేరీలు నిలిచిపోయాక నన్ను తన ఊరికి తోలుకొచ్చింది, పోయి నాలుగేళ్ళయింది అంది. చావు రిజిస్టరులో ఏముందో చూశాను. "పాటలామె, జ్వరము" అని ఉంది. పల్లెలో ఇద్దరినీ పాటలామె అనే పిలిచేవాళ్ళట. ఆ జవాబు ఆవిడకు మరీ అనుకూలంగా ఉన్నట్టు తోచి, నాకు నమ్మబుద్ధి కాలేదు.

మా తహశీల్దారు దేనికైనా సాక్షి కావాలనే మనిషి. జిల్లాకు రాసి, ఆ గాయని పాత కచేరీలో మృదంగం వాయించిన విద్వాంసుణ్ణి పిలిపించాడు. ఆయన కర్నూలు నుంచి రైల్లో వచ్చాడు. చెవులకు రవ్వల పోగులు, భుజాన జరీ కండువా, వేలి వేలికీ ఒక ఉంగరం. తాలూకా ఆఫీసు వరండాలో చాప వేయించాం. ఆవిడ వచ్చి కూర్చుంది, ఆయన్ని ఒక్కసారి చూసి కళ్ళు దించుకుంది. పాడమన్నాం. గొంతులో ఇసుక పడ్డట్టు ఉంది పాట. పాడినంతసేపూ కుడి చెయ్యి కొంగు కిందే ఉంది, బయటికి రాలేదు.

విద్వాంసుడు తల అడ్డంగా ఊపాడు. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఆవిడ సభలో అందరి ముందూ తొడ చరిచి తాళం వేసేదండీ. ఆడది తొడ చరచడమేమిటని అప్పట్లో పెద్ద గోల అయింది. లోకమంతా తిట్టినా ఆ చెయ్యి ఆపలేదు. ఈవిడ చెయ్యి చూశారా, కొంగులో దాక్కుంది. వెనక కూర్చుని తంబురా మీటినవాళ్ళ అలవాటు అది."

నాకు అంతకంటే ఏం కావాలి. సంతకం చేతగానిది, రుజువుల్లేనిది, తాళం దాచుకునేది. మూడూ కలిపి నివేదిక రాశాను. అర్జీదారు ఫలానా గాయని కాదు, ఆమె పరిచారిక, మోసంతో భృతి పొందజూసింది అని. పరిచారిక అనే మాట నా సొంతం. విచారణ అయ్యాక ఆవిడ వాదించలేదు. "అయిపోయిందా నాయనా, నా బస్సు పోతాది," అని లేచి పోయింది. తప్పు చేసినవాళ్ళే అట్లా గప్‌చిప్‌గా పోతారని హెడ్ గుమస్తాతో అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజు అది, ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

అర్జీ కొట్టేసే ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. తలారి చేత పంపవచ్చు. కానీ నాకు ఆవిడని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని దురద. చెప్పకుండా పోయి, దారి వదిలి, ఇంటి వెనక కంప దడి పక్కన నిలబడి చూశాను. గొర్రెలాయన భార్యా ఆవిడా ఎదురెదురుగా కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. ఎండకు ఆవిడ కొంగు జారి ఉంది. కుడి చెయ్యి మొదటిసారి చూశాను. బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయి. మిగతా మూడూ మొదలంటా లేవు.

గొర్రెలాయన భార్య నన్ను చూసింది. "ఏంది సారూ, దొంగ మాదిరి దడెనక నిలబడినారు? తలుపు లేదా మా ఇంటికి?" అంది. ఆవిడ గబుక్కున చెయ్యి కొంగులోకి లాక్కుంది. అప్పుడు ఆ గొర్రెలామే అంతా చెప్పింది. కచేరీలు పోయాక ఇద్దరు ఆడవాళ్ళూ మార్కాపురంలో పలకల కార్ఖానాలో కూలికి పోయారట. బడిపిల్లల పలకలు నున్నగా రుద్దే పని. ఒకరోజు రాతి దిమ్మె జారి ఈవిడ చేతి మీద పడింది. "ఎడమ చేత్తోనే తింటాది, ఎడమ చేత్తోనే రాస్తాది. ఈ చెయ్యి ఎవరికీ చూపించదు. నాకే రెండేండ్లకు చూపించినాది," అంది.

నేను దడి ఇవతలే నిలబడి, ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. ఆవిడ ఎడమ చేత్తో చింతపండు పక్కకు నెట్టింది.

"ఎవరి ముందర చెప్పమంటావు నాయనా? ఆ మృదంగం ఆయన ముందరనా? ఆడదాని పక్కన వాయించనని మొండికేస్తే సభ పెద్దలు బతిమాలి కూర్చోబెట్టినారు. నన్ను పడగొట్టాలని పల్లవిలో అడ్డంగా వాయించినాడు. అప్పుడు చరిచినాను నేను తొడ, నా లెక్క నాకు తప్పకుండా. చివరికి తప్పింది ఆయనకు. సభంతా చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి మనసులో నేనంటే ఆ చెయ్యే. ఇప్పుడు ఈ మొండి చెయ్యి ఎత్తి చూపించి, జాలిపడి సంతకం పెట్టు అననా?"

"ఆయన నిన్ను గుర్తుపట్టాడంటావా మరి?" అన్నాను.

"అది నన్నడుగుతావేంది. అనుమానాల పని నీది కదా," అంది.

ఆ మాటతో నోటీసు జేబులోంచి తీయకుండానే వెనక్కి వచ్చాను. బస్సులో కూర్చున్నాక నా బుర్ర నా పాత దారిలోనే పోయింది. చెయ్యి పోయినంత మాత్రాన ఆమె గాయని అని ఎక్కడుంది, తంబురా ఆమె కూడా కార్ఖానాకు పోయింది కదా, ఆమెకైనా చెయ్యి నలగొచ్చు కదా. చూశారా, సిగ్గుతో చచ్చిపోతూ కూడా మనిషి ఎట్లా ఆలోచిస్తాడో. ఆ అనుమానం విద్వాంసుడి మీదికి కూడా పోయింది. ఓడిన మనిషినే పిలిచి ఓడించిన మనిషిని గుర్తుపట్టమన్నాం మేము. అంత తెలివైన ఆఫీసు మాది.

తహశీల్దారు ముందు నిలబడి, నా నివేదిక తప్పు కావచ్చు, మళ్ళీ విచారణ పెట్టండి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఈసారి కూడా తేలకపోతే నీ సర్వీసు పుస్తకంలో రాస్తానన్నాడు. సరేనన్నాను. ఆవిడకి కబురు పంపితే రెండు షరతులు పెట్టింది. ఆయనే వచ్చి ఈసారి మృదంగం వాయించాలి. తనకు తాళం వేసే చెయ్యి లేదు కాబట్టి, అర్జీ కొట్టెయ్యమని రాసిన ఆ ఇనస్పెక్టరే తాళం వెయ్యాలి.

ఆఫీసంతా పగలబడి నవ్వింది. నాకు తాళమంటే బీరువాకు వేసేది ఒకటే తెలుసు. హెడ్ గుమస్తా వారం రోజులు మధ్యాహ్నం టిఫిను వేళ నన్ను రికార్డు గదిలో కూర్చోబెట్టి నేర్పించాడు. ఎనిమిది లెక్క. ఒక దెబ్బ, తర్వాత వేళ్ళు ఎంచాలి, ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. "వేళ్ళు ఇట్ల ఎంచాల, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు," అని ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ మడిచి చూపించాడు. ఆ దిమ్మె తీసుకుపోయింది సరిగ్గా ఆ మూడు వేళ్ళనే. ఆ పూట ఇంక నేర్చుకోలేకపోయాను.

విచారణ రోజు వరండా నిండిపోయింది. బజారు జనం, కోర్టు గుమస్తాలు, పలకల కార్ఖానా ఆడవాళ్ళు పది మంది దాకా వచ్చారు. విద్వాంసుడు మృదంగం గుడ్డ విప్పి శ్రుతి చేసుకున్నాడు. ఆవిడ ఆయనకు ఎదురుగా, నేను పక్కన. ఆవిడ నా వైపు తిరిగి, "భయపడొద్దు, నీ పాటికి నువ్వు వెయ్యి," అంది. ధైర్యం చెప్పవలసింది నేను, చెప్పింది ఆవిడ.

గొంతు పాత గొంతే, ఇసుక పడ్డదే. కానీ పల్లవి ఎత్తుకున్నాక గొంతు మాట ఎవరికీ గుర్తులేదు. ఒకే ఒక వాక్యం, దాన్ని తిప్పి తిప్పి, కుదించి, సాగదీసి పాడుతుంది. నా చెయ్యి కాసేపు బాగానే నడిచింది. అప్పుడు ఆయన మొదలుపెట్టాడు. మృదంగం మీద ఎనిమిదిని ఏడు చేసినట్టు, అయిదు చేసినట్టు, ఎదురు దెబ్బలు. ఒకప్పుడు చేసిన పనే మళ్ళీ చేస్తున్నాడని నాకు అర్థమయింది. ఆయన ముఖం చూశాను, చూడటమే నా తప్పు. నా చెయ్యి మృదంగం వెంట పోయింది. దెబ్బ ఎక్కడో, వేలు ఎక్కడో. ఆవిడని ముంచేశాననుకున్నాను.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నా చెయ్యి చూడలేదు, ఆయన చెయ్యీ చూడలేదు. కొంగు కింద ఏమైనా కదులుతుందా అని చూశాను, అలవాటు పోతుందా మరి. ఏదీ కదల్లేదు. మూడుసార్లు ఆ వాక్యాన్ని సగం వేగంలో, రెట్టింపు వేగంలో తిప్పి, తిన్నగా వచ్చి దాని చోట దించింది. ఆయన ఆఖరి దెబ్బ ఆ మాట మీద పడింది. నా చెయ్యి మాత్రం గాల్లో ఉంది.

విద్వాంసుడు రెండు చేతులూ మృదంగం మీద పెట్టి ఆపేశాడు. ఆయన తహశీల్దారు వైపు తిరిగి, "ఆవిడే," అన్నాడు. అంతే. లేచి వచ్చి ఆవిడ ముందు వంగి నమస్కారం చేశాడు. ఆవిడ ఎడమ చెయ్యి కొంచెం ఎత్తింది. ఆశీర్వదించిందో, చాల్లే పొమ్మందో నాకు తెలియదు.

స్టేషనుకు జట్కా ఎక్కించేటప్పుడు ఆయన్ని అడిగాను, మొదటిసారి నిజంగా గుర్తుపట్టలేదా అని. ఆయన మృదంగం ఒళ్ళో సర్దుకుంటూ, "అప్పుడు నేను వాయించలేదు కదండీ," అన్నాడు. అది జవాబో తప్పించుకోవడమో ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను తేల్చుకోలేకపోయాను. మంచివాడే అయి ఉండొచ్చు. అయినా నా అనుమానం నాది.

భృతి మంజూరయింది. ఆర్డరు కాగితం నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఈసారి ముందు తలుపు నుంచే పోయాను, ఎడమ చేత్తో ఇచ్చిన నీళ్ళు చెంబెడు తాగాను. ఆవిడ కాగితం చదువుకుని మడిచి పెట్టింది. సంతోషం కనపడలేదు. ఏటేటా మళ్ళీ విచారణ చేసి కొనసాగిస్తారు అనే వాక్యం దగ్గర వేలు పెట్టి చూపించి, నన్ను ఒక మాట అడిగింది.

"నువ్వు నేను కాదని రాసిన కాగితం ఏమైంది నాయనా?"

ఫైల్లోనే ఉందని చెప్పాను. ఒకసారి నంబరు పడిన కాగితం ఫైల్లోంచి తీయకూడదు, అది మా రూలు అని వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"నువ్వు బదిలీ మీద పోతావు. ఇంకొకాయన వస్తాడు. అది చదువుతాడు. నీ మాదిరే అనుమానం వస్తాది, మళ్ళీ నన్ను వరండాలో కూర్చోబెడతాడు. ఈ గొంతు ఇంకెన్నేళ్ళు లెక్క తప్పకుండా నిలుస్తాది? ఎన్నిసార్లు పాడి నేను నేనే అని చెప్పుకునేది?"

బస్సు దిగి నేరుగా ఆఫీసుకు పోయాను. పట్టపగలు, అందరూ సీట్లలోనే ఉన్నారు. బీరువా తెరిచి ఆ ఫైలు తీశాను. నా నివేదిక, ఆకాశరామన్న ఉత్తరం, విద్వాంసుడి మొదటి వాంగ్మూలం, మూడూ చింపి జేబులో పెట్టుకుని, మిగతా కాగితాలకు నంబర్లు కొట్టేసి కొత్తగా వేశాను. హెడ్ గుమస్తా ఎదురు సీట్లోంచి చూస్తున్నాడు. తల దించుకుని తన చిట్టాలో రాసుకుంటూ పోయాడు.

ఆ మూడు కాగితాలూ ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశాను. ముప్ఫై ఏళ్ళ పైబడిన సర్వీసులో నేను ప్రభుత్వ రికార్డు తారుమారు చేసింది ఆ ఒక్కసారే. ఆవిడ బతికినన్నాళ్ళూ భృతి అందుకుంది, మళ్ళీ ఎవరూ పాడమని అడగలేదు. ఆ ఫైలు ఇప్పుడు ఏ జిల్లా రికార్డు గదిలో ఉందో నాకు తెలియదు. మీలో ఎవరికైనా చేతికి వస్తే, నంబర్లు దిద్ది ఉన్నాయి, మధ్యలో కాగితాలు పోయినట్టున్నాయి, ఇక్కడేదో జరిగిందని అనుమానం వస్తుంది. మీ అనుమానం నిజమే. ఆ ఫైలు అట్లాగే మూసి పెట్టెయ్యండి.